మాసికలు వేసిన సిద్ధాంతాన్ని పరీక్షించడం ఎలా?

ఒక సిద్ధాంతం చెప్పినట్టు జరగకపోతే దాన్ని నమ్మినవారు చిన్న సవరణ చేస్తారు. అప్పటికీ జరగకపోతే మరో సవరణ చేస్తారు. చినిగిన చోటల్లా మాసిక వేసినట్టు ఇలా ఏళ్ళ తరబడి సాగితే, లోకంలో ఏం జరిగినా ఆ సిద్ధాంతానికి నష్టం లేని స్థితి వస్తుంది. అప్పుడు దాన్ని తప్పని చూపించడం ఎవరి తరమూ కాదు. అలాంటి సిద్ధాంతాన్ని ఎలా గుర్తించాలో ఈ వ్యాసంలో వరుసగా చెబుతాను. దాంతోపాటు, సవరణ కనిపించగానే తొందరపడి సిద్ధాంతాన్ని కొట్టిపారేయకుండా ఎలా జాగ్రత్తపడాలో కూడా చెబుతాను. నా దృష్టిలో ఈ రెండోదే ఎక్కువ ముఖ్యం, ఎందుకంటే సైన్సు సాధించిన గొప్ప విజయాలలో కొన్ని అచ్చం మాసికల్లాగే మొదలయ్యాయి.

ఈ పనికి ఒక నోటుపుస్తకం కావాలి, ఓపిక కావాలి. ఉదాహరణగా ఎక్కువ భాగం ఒకే మనిషి కథను వాడుకుంటాను. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త ఉర్బేన్ లెవెరియే ఒకే రకమైన సవరణను రెండుసార్లు చేశాడు. మొదటిసారి అతనికి ప్రపంచ ఖ్యాతి వచ్చింది, రెండోసారి లేని గ్రహం వెంట పద్దెనిమిదేళ్ళు తిరిగాడు. మనిషి, గణితం, నిజాయితీ అన్నీ రెండుసార్లూ అవే కనుక, తేడా ఎక్కడుందో వెతకడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

ముందుగా, సిద్ధాంతం దేన్ని జరగనివ్వదో రాయండి

నోటుపుస్తకంలో మొదటి పేజీలో సిద్ధాంతాన్ని మీ సొంత మాటల్లో ఒక్క వాక్యంలో రాయండి. దాని కింద, ఏది కనిపిస్తే ఈ సిద్ధాంతం తప్పని ఒప్పుకోవాలో రాయండి. రెండో వాక్యం రాయడం మీవల్ల కాకపోతే ఆ సిద్ధాంతాన్ని ప్రతిపాదించినవారి రాతల్లో వెతకండి, కుదిరితే వారినే అడగండి. అక్కడా దొరకలేదంటే మీ పరీక్ష దాదాపు పూర్తయినట్టే.

ఉగాదినాటి పంచాంగ శ్రవణంలో కొన్ని ప్రాంతాలలో అతివృష్టి, కొన్ని ప్రాంతాలలో అనావృష్టి అని వింటాము. ఆ మాట ఏ ఏడాదికైనా సరిపోతుంది, ఎందుకంటే అది ఏ వర్షపాతాన్నీ కాదనదు. దాని పక్కన 1919 మే 29 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని పెట్టి చూడండి. సూర్యుడి అంచును రాసుకుంటూ వచ్చే నక్షత్రకాంతి 1.75 వికలలు వంగాలని ఐన్‌స్టీన్ ముందే లెక్కగట్టాడు. డిగ్రీలో 60వ వంతు కళ, కళలో 60వ వంతు వికల. న్యూటన్ పద్ధతిలో లెక్కిస్తే అందులో సగమే వస్తుంది. గ్రహణం పట్టిన ఆ కొద్ది నిమిషాలలో తీసిన ఫోటోలలో కాంతి అసలు వంగకపోయినా, సగమే వంగినా ఐన్‌స్టీన్ సిద్ధాంతం అక్కడే కూలిపోయేది. ఆ తెగువను చూసే కార్ల్ పాపర్ అనే యువకుడు, తప్పని తేలే వీలుండడమే శాస్త్రీయ సిద్ధాంతానికి గుర్తని ఆలోచించడం మొదలుపెట్టాడు. అప్పుడతను వియన్నాలో విద్యార్థి.

ఈ వాక్యాన్ని ఫలితాలు చూడకముందే రాయడం చాలా అవసరం. ఫలితం తెలిశాక మన జ్ఞాపకం మనకు తెలియకుండానే మారిపోతుంది, నేను మొదటినుంచీ ఇదే అనుకున్నానని మనస్ఫూర్తిగా నమ్ముతాము. సిరాతో రాసి తేదీ వేసిన మాట అలా మారదు.

ప్రతి సవరణకూ ఒక వరుస కేటాయించండి

రెండో పేజీలో నాలుగు గడులు గీయండి. మొదటి గడిలో తేదీ, రెండో గడిలో సిద్ధాంతం అప్పుడు చెప్పింది, మూడో గడిలో కనిపించింది, నాలుగో గడిలో చేసిన సవరణ రాయండి. విడివిడిగా చూస్తే ప్రతి సవరణా సమంజసంగానే ఉంటుంది. వరుసగా ఒకే పేజీలో చూసినప్పుడే అవి ఎటు పోతున్నాయో తెలుస్తుంది.

లెవెరియే రెండో కథను ఈ గడులలో రాసి చూద్దాం. బుధుడి కక్ష్యలో సూర్యుడికి అతి దగ్గరగా ఉండే బిందువును పరిహేళి అంటారు. మిగతా గ్రహాల ఆకర్షణ వల్ల ఆ బిందువు నెమ్మదిగా జరుగుతూ ఉంటుంది, కానీ న్యూటన్ గురుత్వాకర్షణ సూత్రం చెప్పినదానికన్నా అది కొంచెం ఎక్కువగా జరుగుతోందని 1859లో లెవెరియే చూపించాడు. ఆ అదనం శతాబ్దానికి 38 వికలలని అతను లెక్కగట్టాడు, 1882లో అమెరికాకు చెందిన సైమన్ న్యూకోంబ్ దాన్ని 43గా సరిచేశాడు. నూరేళ్ళకు డిగ్రీలో ఎనభయ్యో వంతు మాత్రమే కనుక అది ఎవరికీ పట్టని తేడాలా అనిపిస్తుంది, అయినా లెక్క లెక్కే.

సూర్యుడికీ బుధుడికీ మధ్య మనకు కనిపించని పదార్థమేదో ఉండి బుధుణ్ణి లాగుతోందని లెవెరియే ప్రతిపాదించాడు. అది ఒక్క పెద్ద గ్రహమే అయితే ఈపాటికి ఎవరో ఒకరి కంటబడి ఉండాలి కనుక చిన్న చిన్న గ్రహశకలాల గుంపు కావచ్చన్నాడు. ఆ ఏడాది చివర్లో లెస్కార్బో అనే పల్లెటూరి వైద్యుడు, మార్చి 26న సూర్యబింబం మీదుగా ఒక నల్లని చుక్క దాటిపోవడం చూశానని అతనికి ఉత్తరం రాశాడు. లెవెరియే స్వయంగా ఆ ఊరు వెళ్ళి, వైద్యుణ్ణి గుచ్చి గుచ్చి ప్రశ్నించి, నమ్మకం కుదిరాక 1860 జనవరిలో కొత్త గ్రహాన్ని ప్రకటించాడు. దానికి వల్కన్ అని పేరు పెట్టారు. తీరా లెక్క చూస్తే ఆ చుక్క ద్రవ్యరాశి బుధుడిలో 17వ వంతే వచ్చింది, బుధుణ్ణి అంతగా కదిలించడానికి అది ఏమాత్రం చాలదు. కాబట్టి అలాంటివి మరికొన్ని ఉండాలన్నారు. 1877 మార్చి 22న వల్కన్ సూర్యబింబాన్ని దాటవచ్చని లెవెరియే చెప్పాడు, ఆ రోజు ఏదీ దాటలేదు. అదే ఏడాది సెప్టెంబరులో అతను కన్నుమూశాడు. 1878 గ్రహణంలో ఇద్దరు అమెరికన్లు సూర్యుడి దగ్గర కొత్త చుక్కలు చూశామన్నారు, అయితే వారు చెప్పిన స్థానాలు ఒకదానితో ఒకటి సరిపోలేదు. 1901 నుంచి 1908 వరకు వచ్చిన గ్రహణాలలో లిక్ అబ్జర్వేటరీ వారు తీసిన ఫోటోలలో చాలా మసక నక్షత్రాలు కూడా కనిపించాయి, వల్కన్ మాత్రం లేదు. ఈలోగా జర్మనీలో జేలిగర్ అనే ఖగోళ శాస్త్రవేత్త మరో దారి చూపించాడు. అది గ్రహమూ శకలాల గుంపూ కాదు, సూర్యుడి చుట్టూ పరచుకున్న ధూళి అన్నాడు.

మూడో గడిని పైనుంచి కిందికి చదవండి: కనిపించలేదు, సరిపోలేదు, కనిపించలేదు. ఇప్పుడు నాలుగో గడిని చదవండి: గుంపు, గ్రహం, మరికొన్ని గ్రహాలు, ధూళి. కనిపించకపోవడం పెరిగేకొద్దీ, వెతుకుతున్న వస్తువు మరింత కనిపించనిదిగా మారుతూ వచ్చింది. మీ పట్టికలో ఇలాంటి వరుస వచ్చిందంటే అక్కడ ఎర్ర సిరాతో గీత పెట్టండి. తీర్పు మాత్రం ఇంకా చెప్పకండి.

కొలత తప్పేమో చూడండి

సిద్ధాంతం ఏదీ ఒంటరిగా పరీక్షకు రాదు. దూరదర్శిని, గడియారం, లెక్కలు, మధ్యలో మనం ఊహించుకున్న సవాలక్ష విషయాలు దాని వెంట వస్తాయి. ఫలితం తేడా వచ్చినప్పుడు వీటిలో ఏది తప్పో పైకి తెలియదు. ఆడలేక మద్దెల ఓడు అన్నారని మనం నవ్వుతాము గాని, ఒక్కోసారి మద్దెల నిజంగానే ఓడుదై ఉంటుంది.

2011 సెప్టెంబరులో, జెనీవా దగ్గరి సెర్న్ అనే కణ భౌతికశాస్త్ర పరిశోధనాకేంద్రం నుంచి సుమారు 730 కిలోమీటర్ల దూరంలో ఇటలీలోని గ్రాన్ సాసో ప్రయోగశాలకు చేరిన న్యూట్రినోలు అనే అతి సూక్ష్మ కణాలు కాంతికన్నా దాదాపు 60 నానోసెకన్లు ముందు వచ్చాయని ఒపెరా బృందం ప్రకటించింది. నిజమైతే, కాంతికన్నా వేగంగా ఏదీ పోలేదనే ఐన్‌స్టీన్ సాపేక్షతా సిద్ధాంతానికి పెద్ద దెబ్బే. పరికరంలో లోపం ఉండవచ్చని చాలామంది అన్నారు, నిజంగానే ఒక ఆప్టికల్ ఫైబర్ కేబుల్ సరిగ్గా బిగించి లేదని తర్వాత తేలింది. దాన్ని సరిచేసి 2012లో మళ్ళీ కొలిస్తే న్యూట్రినోలు సమయానికే వచ్చాయి.

ఇది కుంటిసాకు ఎందుకు కాలేదో గమనించండి. లోపం ఫలానా చోట ఉందని వేలు పెట్టి చూపించారు, దాన్ని సరిచేశారు, సరిచేస్తే ఫలితం మారాలన్నారు, మారింది. ఏదో పొరపాటు జరిగి ఉంటుందని ఊరుకుంటే మాత్రం అది మాసికే. ఎవరైనా కొలతను తప్పుపట్టినప్పుడు, ఆ తప్పును ఇంకొకరు వెళ్ళి చూసి తేల్చుకోగలరా అని అడగండి.

సవరణను మరో చోటికి తీసుకెళ్ళండి

మొత్తం పనిలో ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. సవరణ ఏ చిక్కును విప్పడానికి పుట్టిందో ఆ చిక్కును విప్పుతుంది. అందుకోసమే దాన్ని చేశారు కనుక దానికి మార్కులేమీ వేయనక్కర్లేదు. ఆ సవరణ నిజమైతే ఇంకెక్కడ, ఇంకేం కనిపించాలన్నదే ప్రశ్న.

లెవెరియే మొదటి కథ ఇక్కడ పనికొస్తుంది. 1781లో విలియం హెర్షెల్ కనిపెట్టిన యురేనస్ గ్రహం న్యూటన్ సూత్రం ప్రకారం నడవడం లేదని 1820ల నుంచే ఖగోళ శాస్త్రవేత్తలు ఇబ్బంది పడుతున్నారు. సూత్రాన్ని అనుమానించే బదులు, యురేనస్‌కు ఆవల కనిపించని గ్రహమొకటి దాన్ని లాగుతోందని లెవెరియే అన్నాడు. ఇంతవరకు చూస్తే ఇది వల్కన్ కథే. అయితే ఆ గ్రహం ఆకాశంలో ఎక్కడుండాలో అతను లెక్కగట్టి బెర్లిన్‌లోని ఖగోళ శాస్త్రవేత్త గాలేకు ఉత్తరం రాశాడు. 1846 సెప్టెంబరు 23న ఉత్తరం అందింది. ఆ రాత్రే గాలే దూరదర్శినిని తిప్పి చూస్తే, చెప్పిన చోటికి ఒక డిగ్రీ కూడా తేడా లేకుండా నెప్ట్యూన్ దొరికింది. యురేనస్ కోసం వేసిన మాసిక, యురేనస్‌తో సంబంధం లేకుండా దూరదర్శినిలో చూడగలిగే వస్తువై నిలిచింది.

కాబట్టి వల్కన్ ప్రతిపాదన మొదట్లో అశాస్త్రీయమేమీ కాదు. 1860లో దాన్ని నమ్మడంలో తప్పు లేదు, పైగా నెప్ట్యూన్ విజయం తర్వాత నమ్మకపోవడమే వింతగా ఉండేది. ఎక్కడ వెతకాలో చెప్పి, వెతికితే దొరకక, దొరకని ప్రతిసారీ వెతకాల్సిన చోటును మసకబార్చుకుంటూ పోవడంతో అది పాడైంది. ఒకే ప్రతిపాదన ఒక కాలంలో శాస్త్రీయంగా ఉండి మరో కాలంలో అలా లేకుండా పోవచ్చు. అందుకే సిద్ధాంతం మీద కన్నా, దాన్ని కాపాడుతున్న తీరు మీద తీర్పు చెప్పడం మంచిదని నా అభిప్రాయం.

ఈ కథలోనే మూడో పాత్ర ఒకటుంది, దాన్ని తలచుకుంటే నాకు ఎంతో గౌరవం. అంగారకుడి రెండు ఉపగ్రహాలను కనిపెట్టిన అమెరికన్ ఎసాఫ్ హాల్, 1894లో న్యూటన్ సూత్రాన్నే కొద్దిగా మార్చి చూశాడు. ఆకర్షణ బలం దూరం వర్గాన్ని బట్టి, అంటే 2వ ఘాతాన్ని బట్టి తగ్గుతుంది కదా, ఆ 2 బదులు 2.00000016 అని పెడితే బుధుడి లెక్క సరిపోతుందన్నాడు. చూడగానే ఇంతకన్నా నాసిరకం మాసిక ఉండదనిపిస్తుంది, కావలసిన జవాబు వచ్చేలా అంకెను సాగదీసినట్టే ఉంది. కానీ ఆ అంకె ఒక్క బుధుడికే చెందదు, అన్నిటికీ వర్తించాలి. చంద్రుడి గమనాన్ని అతి సూక్ష్మంగా లెక్కించిన ఎర్నెస్ట్ బ్రౌన్, ఆ అంకె నిజమైతే చంద్రుడి కక్ష్య తిరగాల్సినంత తిరగడం లేదని చూపించాడు. దాంతో ఆ సవరణ చచ్చిపోయింది, మర్యాదగా చచ్చిపోయింది. తప్పని తేలగలిగిన సవరణ తప్పని తేలినా దానివల్ల మనకు కొంత తెలుస్తుంది.

మీ పట్టికలో నాలుగో గడి పక్కన అయిదో గడి గీసి, సవరణ కొత్తగా దేన్ని జరగనివ్వదో రాయండి. నెప్ట్యూన్‌కు ఆకాశంలో ఒక చోటు, హాల్ అంకెకు చంద్రుడి కక్ష్య ఆ గడిలో రాయగలం. జేలిగర్ ధూళికి అక్కడ రాయదగ్గది చాలా తక్కువ, ఎందుకంటే ధూళి ఎంత ఉందో, ఎక్కడెక్కడ ఉందో కావలసినట్టు సర్దుకోవడానికి వీలుంది. గడి ఖాళీగా ఉంటే, తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే ధోరణి మొదలైందని అర్థం.

సర్దుబాటు చేయగల అంకెలను లెక్కపెట్టండి

ఇది చిన్న పని. సిద్ధాంతంలో ముందే తెలిసిన అంకెలెన్నో, ఫలితానికి తగ్గట్టు ఎంచుకున్న అంకెలెన్నో వేరుచేసి రాయండి. 1915 నవంబరు 18న ఐన్‌స్టీన్ బుధుడి లెక్కను బెర్లిన్ అకాడమీకి సమర్పించాడు. అందులో సూర్యుడి ద్రవ్యరాశి, బుధుడి కక్ష్య కొలతలు, కాంతి వేగం వాడాడు, అవన్నీ అంతకుముందే తెలిసినవి. బుధుడి కోసం ఎంచుకున్న అంకె ఒక్కటీ లేదు, జవాబు మాత్రం 43 వికలలు వచ్చింది. యాభై ఏళ్ళకు పైగా ఎన్ని మాసికలు వేసినా కుదరని లెక్క అలా తేలింది. అంతవరకు ఒక్క సవరణా లేకుండా నిలిచిన న్యూటన్ సూత్రమే అక్కడ మారాల్సి వచ్చింది.

రెండు వైపులా సరిపోయే సమాధానాన్ని పట్టుకోండి

పద్దెనిమిదో శతాబ్దంలో, వస్తువు కాలినప్పుడు దానిలోంచి ఫ్లోజిస్టన్ అనే పదార్థం బయటికి పోతుందని రసాయన శాస్త్రవేత్తలు నమ్మేవారు. కట్టె కాలితే బూడిద తేలికవుతుంది కనుక అది సరిపోయింది. లోహాన్ని గాలిలో బాగా కాల్చితే మిగిలే భస్మం మాత్రం లోహం కన్నా బరువెక్కుతుంది. దానికి కొందరు, ఫ్లోజిస్టన్‌కు బరువును తగ్గించే గుణం ఉందని, అది పోతే బరువు పెరుగుతుందని చెప్పారు. బరువు తగ్గినా ఫ్లోజిస్టనే కారణం, పెరిగినా ఫ్లోజిస్టనే కారణం. ఒక సిద్ధాంతాన్ని పరీక్షిస్తున్నప్పుడు, దీనికి వ్యతిరేకమైన ఫలితం వచ్చి ఉంటే మీరేమనేవారని అడగండి. అప్పుడూ ఇదే జవాబు వస్తుందంటే, ఉన్న ఫలితం ఆ సిద్ధాంతానికి సాక్ష్యం కాజాలదు.

గడువు పెట్టండి, కానీ ఉదారంగా పెట్టండి

1930లో భౌతిక శాస్త్రవేత్త వోల్ఫ్‌గాంగ్ పౌలీ, కొన్ని పరమాణువుల కేంద్రకాల నుంచి ఎలక్ట్రాన్లు వెలువడేటప్పుడు శక్తి లెక్కకు రావడం లేదని చూసి, ఎవరికీ కనిపించని కణమొకటి ఆ శక్తిని పట్టుకుపోతోందన్నాడు. శక్తి నిత్యత్వ సూత్రాన్ని కాపాడడానికి కనిపించని కణాన్ని తెచ్చాడు కనుక, మన పట్టికలో దీనికి కచ్చితంగా ఎర్ర గీత పడేది. ఆ కణాన్ని పట్టుకునే మార్గమే లేదని నిపుణులు కూడా కొంతకాలం అనుకున్నారు. అణు రియాక్టర్లు వచ్చాక, 1956లో కోవన్, రైన్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఒక రియాక్టర్ పక్కన ఆ కణాన్ని, అంటే న్యూట్రినోను పట్టుకున్నారు. ఇరవై ఆరేళ్ళు పట్టింది.

ఇప్పుడు పరికరం లేకపోవడం వేరు, ఏ పరికరంతోనూ వీలుకాకుండా మాట్లాడడం వేరు. పౌలీ కణం గురించి, ఎన్ని న్యూట్రినోలు వస్తే ఎన్ని పట్టుబడాలో లెక్క ఉంది, ఆ సంఖ్య అతి చిన్నది, అంతే. గడువు ముగిసినా అయిదో గడిలో స్పష్టమైన మాట ఉంటే పేజీని మూయకండి, తేదీ మార్చి రాసుకోండి.

అభ్యాసానికి: గుంటూరు గ్రహణం

పద్ధతి చేతికి అలవాటు కావాలంటే మన నేలతో సంబంధమున్న ఈ ఉదాహరణను మీరే పట్టికలో రాసి చూడండి. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రాన్సు నుంచి వచ్చిన జాన్సెన్ గుంటూరులోను, మద్రాసు అబ్జర్వేటరీకి చెందిన పాగ్సన్ మచిలీపట్నంలోను, కాంతిని రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శినులతో చూశారు. వేడెక్కిన ప్రతి మూలకమూ వర్ణపటంలో తనవే అయిన గీతలను ఇస్తుంది. సూర్యుడి అంచున ఎగసే జ్వాలల వర్ణపటంలో పసుపుపచ్చని గీత కనిపించింది. అది సోడియం గీత కాదని, దానికి పక్కనున్న మరో గీత అని ఆ ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ అనే ఖగోళ శాస్త్రవేత్త తేల్చాడు. భూమ్మీద ఏ పదార్థమూ ఆ గీతను ఇవ్వడం లేదు కనుక అది కొత్త మూలకమన్నారు, హీలియం అని పేరు పెట్టారు. మరుసటి ఏడాది అమెరికాలో మరో గ్రహణంలో సూర్యుడి కరోనాలో, అంటే సూర్యుడి చుట్టూ ఉండే పలుచని వాయువుల పొరలో, ఆకుపచ్చని గీత కనిపించింది. అదీ కొత్త మూలకమే అన్నారు, కరోనియం అని పేరు పెట్టారు. తెలియని గీత కనిపిస్తే కొత్త మూలకం అనడమే రెండుచోట్లా సవరణ.

మొదటి అయిదు గడులు నింపాక ముందుకు వెళ్ళండి. 1895లో విలియం రామ్సే యురేనియం ఉన్న ఒక ఖనిజం నుంచి వెలువడిన వాయువులో అదే పసుపు గీతను చూశాడు. హీలియం సీసాలో పట్టి తూచగలిగే వస్తువైంది. కరోనియం ఎక్కడా దొరకలేదు. మూలకాల ఆవర్తన పట్టికను రూపొందించిన మెండలీవ్ అంతటివాడు దానికి హైడ్రోజన్ కన్నా తేలికైన మూలకంగా చోటు చూపించాడు. 1913లో మోస్లే మూలకాలకు పరమాణు సంఖ్యలు కట్టాక, హైడ్రోజన్‌కు 1 అని తేలడంతో ఆ చోటు కూడా పోయింది. ఇక్కడ మీ పట్టికలో ఎర్ర గీత పడాలి.

చివరికి 1940 ప్రాంతంలో స్వీడన్‌కు చెందిన ఎడ్లెన్, ఆ ఆకుపచ్చ గీత 13 ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఇనుముదని చూపించాడు. దీన్నీ ఒక సవరణగానే రాసుకుని, అయిదో గడి నింపడానికి ప్రయత్నించండి. ఇనుము అన్ని ఎలక్ట్రాన్లు పోగొట్టుకోవాలంటే కరోనా వేడి 10 లక్షల డిగ్రీల దాకా ఉండాలి. కింద ఉన్న సూర్యుడి ఉపరితలం 6 వేల డిగ్రీలలోపే ఉంటుంది కనుక అది నమ్మశక్యం కాని మాట. కానీ కరోనా అంత వేడిగా ఉంటే దాన్నుంచి రేడియో తరంగాలు కూడా అందుకు తగినంత రావాలి. 1946లో ఆస్ట్రేలియాలో పాసీ సూర్యుడి రేడియో తరంగాలను కొలిచి చూశాడు. అవి 10 లక్షల డిగ్రీలకు తగ్గట్టే వచ్చాయి.